బాలచంద్రుణ్ని బతికిస్తే...

కార్తీక అమావాస్య వచ్చిందంటే కారంపూడిలో బాలచంద్రుడు మళ్లీ యుద్ధానికి బయల్దేరతాడు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు... మొత్తం ఐదు రోజుల తిరునాళ్ల. వీరవిద్యావంతులు కథ చెబుతారు. ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలను చేతబట్టి కదులుతారు. నాగులేరు పక్కన జనం కిక్కిరిసి ఉంటారు. వాళ్లలో కథ ముగింపు తెలియనివాళ్లు ఒక్కరూ ఉండరు. బాలచంద్రుడు తిరిగి రాడని చంకలో పిల్లాడికి కూడా తెలుసు. తెలిసే వస్తారు. తెలిసే కళ్లు తుడుచుకుంటారు.

ఇప్పుడొక కొంటె ఊహ. మాచర్లలో డిగ్రీ చదివే ఓ అమ్మాయికి ఈ కథంటే ప్రాణం అనుకుందాం. చిన్నప్పటి నుంచీ వింటోంది. విన్నప్పుడల్లా ఒకటే బాధ: ఆ కుర్రాణ్ని ఎవరూ ఎందుకు ఆపలేదు? ఆ బాధతోనే ఓ కథ రాసింది. కథానాయిక కూడా మాచర్ల అమ్మాయే. ఎత్తిపోతల జలపాతం వెనక ఆమెకు ఓ కాలయంత్రం దొరుకుతుంది. ఎక్కి మీట నొక్కితే 1182 ప్రాంతంలో, కారంపూడి యుద్ధానికి ముందురోజు దిగుతుంది. బాలచంద్రుణ్ని చూస్తుంది. ప్రేమిస్తుంది. గాయపడి పడిపోయిన వీరుణ్ని యంత్రంలో ఎక్కించుకుని ఈ కాలానికి తెచ్చేస్తుంది. ఆస్పత్రిలో కళ్లు తెరిచిన బాలచంద్రుడు ఆమె చెయ్యి పట్టుకుంటాడు. శుభం.

కథ అచ్చయింది అనుకుందాం. ఇక చూడండి ఉత్తరాల జోరు.

నరసరావుపేట నుంచి ఓ సైన్సు మాస్టారు రాస్తారు: “అమ్మాయీ, కథ బాగుంది కానీ లెక్క తప్పింది. నువ్వు కారంపూడిలో కథ విన్నావు కాబట్టి అతణ్ని కాపాడాలనుకున్నావు. కాపాడేశావు. మరి అతను చనిపోకపోతే ఆ కథ ఎవరు చెబుతారు? కథే లేకపోతే నువ్వు వినేదెట్లా? వినకపోతే కాలయంత్రం ఎక్కేదెందుకు?”

కారంపూడి పెద్దాయన ఒకరు మనవడి చేత రాయిస్తారు: “ఏందమ్మా ఇది? బాలచంద్రుడు రణం నుంచి తప్పించుకుపోయాడని రాస్తావా? మరి వచ్చే కార్తీకంలో మేం ఎవరి కోసం ఏడవాల?”

గురజాల నుంచి ఓ గృహిణి రెండే వాక్యాలు రాస్తుంది: “అంతా బాగుంది. మాంచాల ఏమైంది?”

ఇంకొకాయన పేరు రాయడు. “మా వీరుడి మీద ఇట్లాంటి కథలు రాయడానికి నువ్వెవరు?” అని మాత్రం రాస్తాడు. చివరగా ఆ అమ్మాయి స్నేహితురాలు ముసిముసిగా నవ్వుతుంది: “ఒసేయ్, ఆ హీరోయిన్ నువ్వే కదూ!”

ఈ కథ ఊహే. ఉత్తరాలూ ఊహే. కానీ ఇలాంటి కథ ప్రపంచంలో ఎక్కడ, ఎప్పుడు పుట్టినా వచ్చేవి ఈ ఐదు ఉత్తరాలే.

అభిమానం ముదిరితే కథ

ఇంకొకరు సృష్టించిన పాత్రల మీద ప్రేమ కొద్దీ అభిమానులు అల్లే కథల్ని ఇంగ్లిషువాళ్లు ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. 1966లో అమెరికా టీవీలో ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక మొదలయ్యాక ఈ రాతలకు పెద్ద ఊపొచ్చింది. మరుసటి ఏడాదే, అంటే 1967లోనే, ‘స్పాకనాలియా’ అనే అభిమానుల పత్రిక వెలువడింది. తర్వాత అలాంటివి పుట్టగొడుగుల్లా వచ్చాయి. అంతరిక్ష నౌకలో ప్రేమలు, గ్రహాంతరవాసులతో విరహాలు... అన్నీ అభిమానులు రాసినవే, అభిమానులు చదివినవే. అచ్చయిన కథకు పాఠకుల ఉత్తరాలూ అలాంటి పత్రికల్లోనే అచ్చయ్యేవి.

ఆ పాఠకులకు విసుగు పుట్టించింది ఒకటే. ప్రతి కథలోనూ ఓ కొత్త అమ్మాయి నౌకలోకి వస్తుంది. అందగత్తె, మేధావి, ధైర్యవంతురాలు. నాయకులందరూ ఆమెకు దాసోహం. 1973లో పౌలా స్మిత్ అనే ఆవిడ ఈ ధోరణిని వెక్కిరిస్తూ పేజీ కూడా నిండని కథ రాసింది. అందులో నాయిక పేరు మేరీ స్యూ. పదిహేనున్నరేళ్లకే లెఫ్టినెంట్. కెప్టెన్ చూడగానే ప్రేమిస్తాడు. అందర్నీ రక్షించి ఆమె చచ్చిపోతే నౌకంతా ఏడుస్తుంది. ఆ దెబ్బతో ‘మేరీ స్యూ’ అన్నది తిట్టుగా స్థిరపడిపోయింది. రాసినవాళ్లే కథలో దూరి, అందరి ప్రేమనూ కాజేసే పాత్రకు ఇప్పటికీ అదే పేరు. మాచర్ల స్నేహితురాలి ముసిముసి నవ్వుకు అర్థం ఇదే.

అయితే ఇదేదో అమెరికా వాళ్లు కనిపెట్టిన విద్య అనుకుంటే పొరపాటు. మన అమ్మమ్మలు ఎప్పుడో చేశారు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట తెలుగిళ్లలో ఆడవాళ్లు పాడుకున్నదే. వాల్మీకి ఊర్మిళను పెళ్లి పీటల మీద చూపించి, తర్వాత దాదాపు మరిచిపోయాడు. పాడుకున్న ఆడవాళ్లు మరవలేదు. లక్ష్మణుడు అడవికి పోయిన పద్నాలుగేళ్లూ ఆమెను నిద్రపుచ్చారు. తిరిగొచ్చిన భర్తను ఆమె గుర్తుపట్టక, పరాయి మగవాడనుకుని హడలిపోయి మందలించేలా చేశారు. పద్నాలుగేళ్లు ఒక్క నిద్రలో దాటేసి, మారిపోయిన లోకంలో కళ్లు తెరవడం! కాలయంత్రం అనే మాట లేకపోయినా విషయం అదే కదా. ఆ పాటకు పాఠకుల లేఖలు రాలేదు. నచ్చింది కాబట్టి కూతుళ్లకు నేర్పారు. నచ్చకపోతే పాట అక్కడితో ఆగిపోయేది. అంతకు మించిన విమర్శ ఏముంటుంది?

పెట్టెలో అభిమన్యుడు

ఇంకో ఉదాహరణ మనందరి ఇళ్లలోనూ ఉంది. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడి భార్య ఉత్తర. శశిరేఖ మన కథకులు, నాటకాలవాళ్లు నిలబెట్టుకున్న పిల్ల. 1936లోనే పి.వి.దాసు ‘శశిరేఖా పరిణయం’ సినిమాగా తీశారు. 1957లో కె.వి.రెడ్డి ‘మాయాబజార్’తో ఆ పిల్ల ఇంటింటి ఆడపడుచు అయిపోయింది.

ఆ సినిమాలో ‘ప్రియదర్శిని’ అనే పెట్టె ఉంది. తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్లకు కనిపిస్తుంది. శశిరేఖ తెరిస్తే దూరాన ఉన్న అభిమన్యుడు కనిపిస్తాడు. మన దేశంలో టీవీ ప్రసారాలు ఢిల్లీలో మొదలైందే 1959లో. అంతకు రెండేళ్ల ముందే తెలుగు ప్రేక్షకుడు, ఇవాళ సెల్‌ఫోన్లో పిల్లలు చూసుకుంటున్నట్టు, ప్రేమికుణ్ని పెట్టెలో చూపిస్తే చూశాడు. ఆ పెట్టె ఎలా పనిచేస్తుందని పట్టుబట్టి అడిగినవాళ్లు లేరు. లేని శశిరేఖను తెచ్చారేమని ఉత్తర తరఫున తగువుకు దిగినవాళ్లూ లేరు.

ఎందుకని? పాండవులు అరణ్యవాసంలో ఉన్నప్పుడు అభిమన్యుడు పెరిగింది ద్వారకలో, మేనమామల ఇంట్లో. అక్కడ అతని కుర్రతనం ఎలా గడిచిందో వ్యాసుడు పెద్దగా చెప్పలేదు. కథలో అదొక ఖాళీ. మేనమామ ఇంట్లో పెరిగిన కుర్రాడు, ఆ ఇంట్లోనే మరదలు పిల్ల. తెలుగువాడికి ఇంక వేరే వివరణ కావాలా? మేనరికం ఉన్న జాతికి శశిరేఖ కల్పన అనిపించలేదు, వ్యాసుడు మరిచిపోయిన చుట్టంలా అనిపించింది. పైగా ఆమె రావడం వల్ల భారతంలో ఎవరి చావూ ఆగలేదు, ఎవరి త్యాగమూ చెరగలేదు. పద్మవ్యూహం ఎక్కడుందో అక్కడే ఉంది.

‘మాయాబజార్’కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. 1895లో హెచ్.జి.వెల్స్ రాసిన కాలయంత్రం నవల ఆయన మనసులో ఏళ్ల తరబడి ఉండిపోయింది. చివరికి 1991 జులైలో ‘ఆదిత్య 369’గా బయటికొచ్చింది. ఈ కాలపు ప్రేమజంట కృష్ణకుమార్, హేమ కాలయంత్రంలో 1526కు, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళతారు. అక్కడి నుంచి 2504కు. రాయల కథకు ఇదో అభిమాని చేర్పే. ప్రేక్షకులు సంతోషంగా ఒప్పుకున్నారు. 2025 ఏప్రిల్లో మళ్లీ విడుదల చేస్తే అప్పటి పిల్లలు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు. ఆ సినిమాలోనూ రాయలవారు రాయలవారే. వెళ్లినవాళ్లు చూసి, చిక్కుల్లో పడి బయటపడ్డారే గానీ సింహాసనం కిందికి నీళ్లు తేలేదు.

అదే సింగీతం నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’కి మార్గదర్శిగా ఉన్నారు. 2024 జూన్లో వచ్చిన ఆ సినిమాకు వచ్చిన స్పందన ఇంకో పాఠం. కురుక్షేత్రం నుంచి అశ్వత్థామ 2898 దాకా బతికే ఉన్నాడంటే ఎవరూ కాదనలేదు. మాట్లాడే కారు వచ్చిందంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ కర్ణుణ్ని చూపించిన తీరు మీద మాత్రం పెద్ద రచ్చే అయింది. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని జనం రెండు జట్లయ్యారు. టీ కొట్ల దగ్గర కూడా అదే చర్చ.

అంటే లెక్క తేలింది. పాఠకుడు యంత్రాన్ని క్షమిస్తాడు. మనిషిని మార్చితే క్షమించడు. సైన్సు కథలో సైన్సు తప్పితే ఓ మాస్టారు ఉత్తరం రాస్తారు. మనసు తప్పితే ఊరంతా రాస్తుంది.

చనిపోయినవాణ్ని బతికించకూడదా?

మరి షెర్లాక్ హోమ్స్ సంగతేమిటని ఎవరైనా అడగొచ్చు. నిజమే. 1893లో కానన్ డాయిల్ హోమ్స్‌ను జలపాతంలో పడేసి కథ ముగించేస్తే పాఠకులు మండిపడ్డారు. పదేళ్లు తిరక్కుండా, 1903లో డాయిల్ అతణ్ని తిరిగి తీసుకురావాల్సి వచ్చింది. అభిమానుల మాట నెగ్గింది. కానీ ఒక్క సంగతి గమనించాలి. హోమ్స్ శవాన్ని ఎవరూ చూడలేదు. డాయిల్ తెలిసో తెలియకో ఓ సందు వదిలిపెట్టాడు. ఆ సందులోంచే హోమ్స్ తిరిగొచ్చాడు.

బాలచంద్రుడి చావులో అలాంటి సందు లేదు. అతను అందరూ చూస్తుండగా, తనవాళ్ల మధ్య పడిపోయాడు. ఆ చావు మీద ఒక ప్రాంతమే తన జ్ఞాపకాన్ని కట్టుకుంది. దాన్ని తీసేస్తే పైనున్నదంతా కూలుతుంది.

మొదటి ఉత్తరాన్నీ రెండో ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఓ విచిత్రం కనిపిస్తుంది. సైన్సు మాస్టారు చెప్పిన చిక్కు, కాలప్రయాణం మీద రాసేవాళ్లందరికీ తెలిసిందే. వెనక్కి వెళ్లి తన తాతను బాల్యంలోనే చంపేసిన మనవడు అసలు ఎలా పుట్టాడు అన్నది దాని పాత రూపం. చదువుకున్న మాస్టారు తర్కంతో ‘అతను చనిపోకపోతే కథే లేదు’ అన్నాడు. అక్షరం రాని పెద్దాయన కన్నీళ్లతో ‘మేం ఎవరి కోసం ఏడవాల’ అన్నాడు. ఇద్దరూ వేరు వేరు దారుల్లో వచ్చి ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు.

మూడో ఉత్తరం వాటికన్నా పదునైనది. మాంచాల ఏమైంది? పల్నాటి కథలో ఆ రాత్రి అసలైన రాత్రి. శ్యామాంగి మోజులో పడి భార్యను పట్టించుకోని బాలచంద్రుడు, యుద్ధానికి పోయే ముందు తల్లి ఐతాంబ పంపగా మాంచాల దగ్గరికొస్తాడు. కోడలి ముఖం చూసైనా ఆగుతాడని తల్లి ఆశ. ఆపే హక్కు మాంచాలకు ఉంది, ఆపడానికి కారణమూ ఉంది. ఆమె ఆపలేదు. కత్తి అందించి పంపింది. అంత బరువైన నిర్ణయం తీసుకున్న మనిషిని కథలోంచి పక్కకు నెట్టి, ఆమె భర్తను ఎత్తుకుపోయి, దానికి ప్రేమ అని పేరు పెడితే గురజాల గృహిణి ఊరుకుంటుందా? ఆమె ఉత్తరంలో తిట్టు లేదు, పాండిత్యం లేదు. ఒక్క ప్రశ్న ఉంది. కథను మళ్లీ రాయించగలిగే శక్తి ఆ ప్రశ్నకే ఉంది.

నువ్వెవరు అంటే

ఇక నాలుగో ఉత్తరం. పేరు లేని ఉత్తరం. రాయడానికి నువ్వెవరు?

దీనికి జవాబు పల్నాటి కథ చరిత్రే చెబుతుంది. శ్రీనాథుడి పేరుతో ద్విపదలో ఓ భాగం ఉంది. వీరవిద్యావంతుల నోట ఇంకో పెద్ద కథ ఉంది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పుస్తకంగా అచ్చు వేయించారు. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టిన సినిమాను ఆయన పోయాక ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేస్తే 1947లో వచ్చింది. 1966లో ఇంకోసారి తెరకెక్కింది. అలిసెట్టి గాలెయ్య గానం చేసిన కథను జీన్ రోఘైర్ అనే అమెరికన్ ఇంగ్లిషులోకి తెచ్చి 1982లో ప్రచురించాడు. వీటిలో ఏ రెండూ అచ్చంగా ఒకటి కావు. నాగమ్మ ఒకచోట కుట్రదారు, ఇంకొకరి కళ్లకు రాజ్యం నడిపిన సమర్థురాలు. తలా ఓ చెయ్యి వేస్తేనే కథ ఇన్ని వందల ఏళ్లు నిలబడింది. మాచర్ల అమ్మాయి చెయ్యి మాత్రం ఎందుకు బరువైంది?

అయితే పేరు లేని ఆ మనిషి కోపాన్నీ తేలిగ్గా తీసిపారేయలేం. కొణతాలకు మొక్కేవాడికి బాలచంద్రుడు పాత్ర కాదు, దేవుడు. ఇంట్లో మనిషి. కొత్త నవల చదివే పాఠకుడు అతిథిలాంటివాడు. నచ్చితే తింటాడు, లేకపోతే చెయ్యి కడుక్కుని పోతాడు. అభిమాని రాసిన కథకు వచ్చే పాఠకుడు అతిథి కాదు, దాయాది. ఆస్తిలో తనకూ భాగం ఉందని వస్తాడు. పాఠకుల స్పందన అంత వేడిగా ఉండేది అందుకే. అది విమర్శ కాదు, వాటా తగువు.

వాటా తగువు ఎక్కడికి పోతుందో పల్నాడుకు ఒకరు చెప్పాలా? గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు సవతి అన్నదమ్ములు. ఆ తగువే కోడిపందెమై, రాయబారమై, కారంపూడి రణమై అందర్నీ మింగేసింది. కానీ అదే కథలో బ్రహ్మనాయుడి చాపకూడు కూడా ఉంది. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తిన్న కూడు. తిరునాళ్లలో మందపోరు నాడు ఇప్పటికీ ఆ పంక్తి సాగుతుంది. ఉమ్మడి సొత్తును పంచుకోవడానికి ఆ నేల చూపించిన రెండు దారులూ ఇవే. కథ దగ్గరా అంతే. పాఠకులు కత్తులు దూయనూవచ్చు, చాప మీద కాస్త జరిగి చోటివ్వనూవచ్చు.

పేరులేని ఉత్తరాలు నాలుగొస్తే ఆ అమ్మాయి కలం మూసేస్తుంది. రెండో కథ రాదు. నష్టం ఆమెకే కాదు. పల్నాటి కథను మనసుకు హత్తుకుని, నిద్ర మానుకుని రాసే కుర్రవాళ్లు ఎందరుంటారు? వీరుల మీద ప్రేమ కొద్దీ తప్పు రాసినవాళ్లు, ప్రేమ లేక ఏమీ రాయనివాళ్ల కన్నా నయం కాదా?

చాప మీద కూర్చునేవాళ్లకూ ఓ మర్యాద ఉంది. పక్కవాడి విస్తరి లాగకూడదు. ఖాళీ ఉన్నచోట కూర్చోవచ్చు. ఊర్మిళ నిద్ర, శశిరేఖ ప్రేమ, హోమ్స్ పునర్జన్మ... అన్నీ ఖాళీలో కూర్చున్నవే. పల్నాటి కథలో ఖాళీలు లేవా? భర్త గుర్రమెక్కి వెళ్లిపోయాక తెల్లారేదాకా మాంచాల ఏం చేసింది? ఎవరితో మాట్లాడింది? దీపం ఆర్పిందా, అలాగే ఉంచిందా?

మాచర్ల అమ్మాయి గురజాల ఉత్తరం నాలుగుసార్లు చదువుకుని, కథ మళ్లీ రాసింది అనుకుందాం. యంత్రం అదే. రాత్రీ అదే. ఈసారి కథానాయిక దిగేసరికి ఆలస్యమైపోతుంది. గుర్రపు డెక్కల చప్పుడు దూరమవుతుంటుంది. లోగిలిలో మాంచాల ఒక్కతే కూర్చుని ఉంటుంది. తెచ్చిన మందుల పెట్టె పక్కన పెట్టి ఈ పిల్ల కూడా ఆమె పక్కనే చతికిలబడుతుంది. రేపు ఏమవుతుందో ఇద్దరిలో ఒకరికి తెలుసు. రెండోవాళ్లకూ తెలుసేమో. తెల్లారుజామున మాంచాల ఒక్క మాట అడుగుతుంది:

“మీ కాలంలో ఆయన పేరు ఎవరికైనా గుర్తుందా అమ్మా?”

ఈ కథ అచ్చయితే సైన్సు మాస్టారికి పేచీ ఉండదు. కారంపూడి పెద్దాయన మనవడి చేత మళ్లీ చదివించుకుంటాడు. గురజాల నుంచి బహుశా ఉత్తరం రాదు. పుస్తకం మూసి, ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంటే మాత్రం అంతకన్నా మంచి ఉత్తరం ఆ అమ్మాయికి ఎవరూ రాయలేరు.